బావ పేరుతో ఆరేళ్ళు

దోహాలో ఆరేళ్ళపాటు నా పేరు జలంధర్. తండ్రి పేరు రాజన్న. కాగితాల ప్రకారం నాకు సాయవ్వ అనే చెల్లెలుంది. ఆ సాయవ్వ నా పెళ్ళాం.

నవ్వేవాళ్ళు నవ్వండి. కూలీల క్యాంపులో మా గదివాళ్ళు నవ్వీ నవ్వీ అలిసిపోయారు. నా అసలు పేరు నర్సింలు. అసలు జలంధర్ సాయవ్వకు తోడబుట్టిన అన్న, అంటే నాకు బావ. వాళ్ళదీ మాదీ కరీంనగర్ జిల్లాలో ఒకటే ఊరు. వాళ్ళ నాయన రాజన్న, నాకు మామ, బొగ్గుగనిలో పని చేసేవాడు. బొగ్గుగనిని మా దిక్కు బొగ్గుబాయి అంటాం.

డెబ్బై ఆరో సంవత్సరంలో మా బావకు ఖతర్ నుంచి వీసా కాగితం వచ్చింది. మా ఊరివాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. అదే ఎండాకాలం నా చేనులో బావి ఎండిపోయింది. ఇంట్లో రెండు నెలల పసిపిల్ల, ముసలి తండ్రి. నేను ఎవరినీ ఏమీ అడగలేదు, అడిగే గుణం నాది కాదు. ఒకరోజు బావే ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మా నాయిన బాయికి పోతున్నడు, మా కడుపు నిండుతున్నది. మీ ఇంట్ల పొయ్యి మీదికి ఏమొస్తది? నువ్వే పో."

"నీ పేరు మీదున్నది గద బావా."

"పేరుదేమున్నది, తీస్కపో. దాన్ని నేను నమిలి మింగుతనా?"

బొంబాయి ఏజెంటు కూడా అదే మాట అన్నాడు. వీసాలో పేరు మారదు, పాస్‌పోర్టులో ఫోటో నీదైతే చాలు అన్నాడు. ఆ రోజుల్లో మా తాలూకాలో ఒకరి పేరు మీద ఇంకొకరు పోవడం, పెళ్ళికి పక్కింటి గంగాళం అడిగి తెచ్చుకున్నంత మామూలు. తప్పని తెలుసు. ఎంత తప్పో తెలీదు.

దోహాలో నాది సెంట్రింగ్ పని. స్లాబు పోసే ముందు చెక్కలు బిగించి, కింద బల్లీలు, అంటే ఊతకర్రలు, నిలబెట్టడం. ఆ ఏళ్ళలో ఊరంతా చమురు డబ్బుతో లేస్తోంది. మన్సూరా పేటలో మా అర్బాబు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, వరసగా ఇళ్ళు కట్టించేవాడు. ఒకదానికి చెక్కలు విప్పేలోపు ఇంకోదానికి పునాది తవ్వేవాళ్ళు. "జలంధర్, యల్లా" అని ఎవరు అరిచినా నేను పరుగెత్తేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి కలలో కూడా నన్ను జలంధర్ అనే పిలుస్తున్నారు. సంతకం అన్నది నేను అక్కడే నేర్చుకున్నాను, అది కూడా బావ పేరే.

ఇంటి నుంచి ఉత్తరాలు రావు, క్యాసెట్లు వస్తాయి. సాయవ్వకు రాయరాదు. సెలవు మీద పోయివచ్చేవాళ్ళతో మాట నింపి పంపేది. మొదటి క్యాసెట్ గదిలో అందరి ముందూ పెట్టాను, బుద్ధిలేక. "ఏందన్నా, మంచిగున్నవా? వదినెను ఎప్పుడు తోల్కొస్తవు?" అని సాయవ్వ ఎగతాళిగా మొదలుపెట్టింది. పక్క మంచం మీది కేరళ పిల్లగాడికి తెలుగు రాదు, వాడికి కూడా ఎవడో హిందీలో అర్థం చెప్పాడు. ఆ తర్వాత దాని క్యాసెట్లు చెవికి ఆనించుకునే విన్నాను.

ఎనభైలో మా నాయన చచ్చిపోయాడు. తంతి వచ్చింది. కంపెనీలో రూలుంది, కన్నతండ్రి పోతే సెలవిచ్చి టికెట్టు ఇస్తారు. ఆ కాగితాలన్నీ చూసేది ముజఫ్ఫర్ అలీ, హైదరాబాద్ మనిషి. పొద్దున హాజరు పిలిచేదీ ఆయనే, పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసేదీ ఆయనే. తంతి పట్టుకుని ఆయన గుమ్మం దాకా పోయాను. పోయినవాడి పేరు ఎల్లయ్య. నా ఫైల్లో తండ్రి పేరు రాజన్న. గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వచ్చి, మధ్యాహ్నం డ్యూటీకి ఎక్కాను.

ఒక్కడే కొడుకుని. తలకొరివి ఎవరు పెట్టారో నేను అడగకముందే, నెల తర్వాత వచ్చిన క్యాసెట్లో సాయవ్వ చెప్పింది. "అన్ననే పెట్టిండు. నర్సింలు పేరు మీద పెడుతున్న అని నలుగుర్ల చెప్పి పెట్టిండు." ఆ రోజు నేను అన్నం తినలేదు. తినకపోతే బావకేం ఒరుగుతుంది, అయినా తినలేదు.

ఇక అసలు సంగతి. ఎనభై రెండు ఎండాకాలంలో బావ గొంతుతో ఒక క్యాసెట్ వచ్చింది. బావ నాతో క్యాసెట్లో మాట్లాడింది అదే మొదలు. గొంతు సవరించుకోవడమే సగం నిమిషం ఉంది.

"నర్సింలు, నాయినకు కండ్లు కానొస్తలేవు. బాయి దవఖానల అన్‌ఫిట్ రాసిండ్రు. గసుంటప్పుడు కొడుక్కు నౌకరి ఇస్తరు, నీకెర్కనే. మూడు నెల్లల జాయిన్ గావాలె. నా కాయితాలు పెట్టిన. ఎవడో గిట్టనోడు అర్జీ ఏసిండు, రాజన్న కొడుకు దుబాయ్‌ల ఉన్నడు, పాస్‌పోర్టు సుత ఉన్నది, ఈడు దొంగ జలంధర్ అని. బాయి సార్లు, నువ్వు జలంధర్‌వే అని సర్కారు కాయితం తెమ్మంటున్నరు. నెల ఒడిసింది. నీకు ఇబ్బందైతె వద్దు. నేను మేస్త్రి పనికన్న పోత."

నాకు మొదట కోపం వచ్చింది. ఇచ్చినప్పుడు నమిలి మింగుతనా అన్నవాడు ఇప్పుడు కక్కమంటాడేంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది భయం. నాకు భయం వేస్తే కోపంగానే బయటికి వస్తుంది, సాయవ్వకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే బావ మాట అయిపోయాక క్యాసెట్ రెండోవైపు తను మాట్లాడింది.

"అన్న చెప్పని ముచ్చట నేను చెప్త. నువ్వు పోయినప్పటి సంది పోలీసోళ్ళు ఎన్‌క్వైరీకి రెండుసార్లచ్చిండ్రు. జలంధర్ ఇల్లేది అని అడిగితె అన్ననే అరుగు మీద నిలవడి, జలంధర్ దుబాయ్ పోయిండు సార్ అని చెప్పిండు. ఓట్లు రాసేటోళ్ళకు గదే చెప్పిండు. రేషన్ కార్డుల పేరు కొట్టేసిండ్రు. బర్రెకు లోన్ ఇయ్యమంటె, దుబాయ్ పైసలున్నోనికి లోనెందుకు అన్నరు. ఒక్కనాడు నీకు చెప్పనియ్యలే. ఇగ నీ ఇష్టం."

ఆరేళ్ళు ఆ మనిషి తన ఇంటి ముందు నిలబడి, నేను ఇక్కడ లేను అని చెప్పుకున్నాడు. నేను నా తిప్పలే తిప్పలనుకుంటూ కూర్చున్నాను. సిగ్గు వేసింది.

మర్నాడు శుక్రవారం, అక్కడ ఆఫీసులకు సెలవు. శనివారం సగం రోజు సెలవు పెట్టి మన రాయబార కార్యాలయానికి పోయాను. అక్కడ వేణుగోపాలరావుగారని గుమాస్తా, కాకినాడ వైపు మనిషి. తెలుగువాళ్ళం కనపడితే పక్కకు పిలిచి కాగితాలు నింపిపెడతాడని పేరు. ఆయన ముందు నేను కథ మొదలుపెట్టి, ధైర్యం చాలక సగమే చెప్పాను. నాకు జలంధర్ అనే పేరు వద్దు, నర్సింలు కావాలి అన్నాను.

"అదెంత పనయ్యా. పత్రికలో ప్రకటన వేయించు, ప్రమాణపత్రం మీద సంతకం పెట్టు. ఫలానా జలంధర్ అనే నేను ఇకనుంచి నర్సింలునని. రెండు నెలల్లో చట్టప్రకారం నువ్వు నర్సింలువి" అన్నాడు.

గుండె మీది బరువు దిగినట్టయింది. నౌకరీ పోదు, జైలు లేదు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కాగితం తీసుకుని లేచాను. లేచి, గుమ్మం దాకా పోయి ఆగాను.

"సార్, అప్పుడు రాజన్న కొడుకు ఎవరైతడు?"

"అదేంటి, నువ్వే కదా. పేరు మారినంత మాత్రాన తండ్రి మారతాడా?"

అంటే మా బావ ఇంకా దొంగే. రాజన్న కొడుకు జలంధర్ దోహాలో ఉన్నాడు, అక్కడ నర్సింలుగా మారాడు అని ప్రభుత్వం రాసి పెట్టుకుంటుంది. ఊళ్ళో ఉన్నవాడికి పేరూ లేదు, తండ్రీ లేడు. మళ్ళీ కుర్చీలో కూర్చుని ఈసారి మొత్తం చెప్పాను. వేణుగోపాలరావుగారు కలం మూత పెట్టాడు.

"ఎందుకు చెప్పావయ్యా ఇదంతా? ఇందాకటిదే బాగుంది కదా."

"మా బావకు కాయితం కావాలె సార్."

"కాగితం ఇప్పిస్తాను. మీ బావ దేశం దాటలేదు, ఆ పాస్‌పోర్టు అతనిది కాదు, రద్దు చేశాం అని ఆఫీసరు సంతకంతో ఉత్తరం వస్తుంది. కానీ ముందు నువ్వు చేసింది ఒప్పుకుంటూ రాసివ్వాలి. పాస్‌పోర్టు ఇక్కడ పెట్టేయాలి. జరిమానా కట్టాలి. ఆ తర్వాత మీ అర్బాబు, వీడు నర్సింలని తెలిసే నేను ఉంచుకుంటున్నాను అని రాసిస్తే నీ సొంత పేరున కొత్త పాస్‌పోర్టు. రాసివ్వకపోతే ఊరికి పంపే కాగితం. మళ్ళీ రాలేవు. ఆలోచించుకుని, అర్బాబును అడిగే రా."

అర్బాబు ఎండలకు లండన్ పోయాడు. వచ్చేది ఇరవై రోజుల తర్వాత. పోస్టుకు ఇంకో పదిహేను రోజులు. మూడు నెలల్లో ఒక నెల అప్పటికే పోయింది, ఆ పైన ఆ క్యాసెట్ నా దాకా రావడానికి మూడు వారాలు. వేళ్ళ మీద లెక్కపెడితే ఆగడానికి లేదని తేలింది.

ముజఫ్ఫర్ అలీ దగ్గరికి పోయాను. ఆయనకు మాత్రం అబద్ధం చెప్పదలచుకోలేదు. వింటూ వింటూ ఆయన చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"అరే జలంధర్, అర్బాబ్ వచ్చినంక అడుగు. గప్పటిదాంక సబర్ పట్టు."

"గప్పటికి మా బావ నౌకరి పోతది సాబ్."

"నీ నౌకరి పోతె?"

"నాది ఆరేండ్లు నడిచింది. అది ఆయనదే."

ముజఫ్ఫర్ అలీ లేచి బీరువా తీశాడు. నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, రిజిస్టర్లో 'రెన్యువల్ కోసం' అని రాసుకున్నాడు. "తారీఖు నిజంగనే దగ్గరున్నది. నువ్వు నాకేం చెప్పలే, నేనేం వినలే" అన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, తన ఉద్యోగం కూడా ఆ బీరువా తాళం మీదే ఉంది. ఆ మనిషికి నేను ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో ఇప్పటికీ తెలీదు.

వేణుగోపాలరావుగారు రాసిపెట్టిన ఒప్పుకోలు కింద వేలిముద్ర వేశాను. పాస్‌పోర్టు పెట్టేసి, జరిమానా కట్టాను. మూడోరోజు ముద్ర వేసిన ఉత్తరం చేతికొచ్చింది. దాన్ని రిజిస్టర్ పోస్టులో మామ పేరున వేసి, రసీదు జేబులో పెట్టుకున్నాను. అప్పుడు నేను జలంధర్‌ను కాదు, నర్సింలు అని చెప్పే కాగితం కూడా లేదు. రోడ్డు మీద పోలీసు జీపు కనపడితే ఏదో ఒక కిరాణా కొట్లోకి దూరేవాణ్ణి. ఆ వారాల్లో అవసరం లేకుండా ఎన్ని అగ్గిపెట్టెలు కొన్నానో.

అర్బాబు వచ్చాక ముజఫ్ఫర్ అలీ నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ముసలాయన మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గదిలో, జపమాల తిప్పుతూ ఉన్నాడు. సంగతి అరబ్బీలో వింటుంటే ఆయన మొహం నల్లబడింది. ముజఫ్ఫర్ అలీని రెండు మాటలన్నాడు. అవి తిట్లని నాకు తెలుసు, సైట్లో రోజూ వినేవే. తర్వాత నా వైపు తిరిగాడు. ముజఫ్ఫర్ అలీ నడుమ నిలబడి అటూ ఇటూ మాట అందించాడు.

"నీ పేరు?"

"నర్సింలు."

"తండ్రి పేరు?"

"ఎల్లయ్య."

దోహాలో ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

"ఎక్కడున్నాడు?"

"చచ్చిపోయిండు. రెండేండ్లయింది."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఈడనే. నీ ఇండ్లకు సెంట్రింగ్ కొడుతున్న."

"ఎందుకు పోలేదు? నేను సెలవిస్తాను కదా."

"కాయితంల నా తండ్రి బతికే ఉన్నడు."

ముజఫ్ఫర్ అలీ ఆ మాటను వెంటనే అందించలేకపోయాడు. తంతి పట్టుకుని గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయింది నేనేనని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది కాబోలు. చివరికి చిన్నగా చెప్పాడు. అర్బాబు చేతిలో జపమాల ఆగింది. అరబ్బులకు మనిషి అంటే ముందు ఫలానావాడి కొడుకు, ఆ తర్వాతే మిగతాది. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తల అడ్డంగా ఊపుతూ కూర్చున్నాడు.

"ఇంకేమైనా అబద్ధం ఉంటే ఇప్పుడే చెప్పు" అన్నాడు.

"ఒకటున్నది" అన్నాను. "సాయవ్వ నా చెల్లెలు గాదు, నా పెండ్లాము."

ముజఫ్ఫర్ అలీకి నవ్వు ఆగలేదు. అర్బాబుకు అర్థమయ్యాక ఆయనా నవ్వాడు, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నవ్వు మధ్యనే కలం తెమ్మని సైగ చేశాడు. ఉత్తరం మీద సంతకం పెట్టి, "యల్లా, రూహ్, పో, పని చూసుకో" అన్నాడు. ఆ మాట ఆరేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో, ఆ రోజే చెవికి తియ్యగా వినపడింది. ఆయన కాళ్ళకు మొక్కబోతే కసిరాడు.

పోలీసు ఆఫీసులో ఒక పూటంతా నిలబెట్టారు, వేలిముద్రలు తీసుకున్నారు, ఒక ఆఫీసరు గట్టిగానే కేకలేశాడు. అర్బాబు ఉత్తరం ఉండబట్టి అంతటితో పోయింది. రెండు నెలలకు కొత్త పాస్‌పోర్టు వచ్చింది. నర్సింలు, తండ్రి ఎల్లయ్య, భార్య సాయవ్వ. అక్షరాలు కూడబలుక్కుని నాలుగుసార్లు చదివాను. వేణుగోపాలరావుగారు సంతకం పెట్టమంటే, నాకు నా పేరు రాయడం రాలేదు. ఆయనే ఒక తెల్లకాగితం మీద పెద్దగా రాసిచ్చి, పక్కన కూర్చోబెట్టి దిద్దించాడు.

పేరు వచ్చిందే గానీ, అది ఒంటికి పట్టడానికి టైం పట్టింది. మర్నాడు పొద్దున హాజరులో ముజఫ్ఫర్ అలీ "నర్సింలు" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఎవడ్రా ఈ సోమరిపోతు, ఇంకా లేవనట్టున్నాడు అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ తర్వాత పదిహేను రోజులు నన్ను ఏడిపించారు. అన్నం పెట్టేవాడు కూడా "నర్సింలుకు ఒడ్డించిన, జలంధర్‌కు ఎవరొడ్డిస్తరు?" అనేవాడు. నేను కసిరాను, లోపల మాత్రం సంతోషంగానే ఉంది.

ఇంత జరిగినా, ఉత్తరం సమయానికి అందిందో లేదో తెలీదు. నా పని నిలబడింది, ఆయన పని పోయిందేమో. అలా అయితే నేను ఏ మొహం పెట్టుకుని ఊరికి పోవాలి? సాయవ్వ నుంచి మాట లేదు. పొద్దున సెంట్రింగ్ ఎక్కితే అదే దిగులు, దిగితే అదే దిగులు.

దీపావళి ముందు క్యాసెట్ వచ్చింది. శుక్రవారం పొద్దున, గదిలోవాళ్ళు బజారుకు పోయాక పెట్టాను. బావ గొంతు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"నర్సింలు, కాయితం అందింది. పోస్టు లేటై, ఇంగ నాలుగు దినాలు ఉన్నదనంగ అందింది. నౌకరి ఇచ్చిండ్రు. ఫస్ట్ షిఫ్ట్. ఒక ముచ్చట చెప్త, నవ్వకు. మొదటి దినం బాయి మీద హాజరు పిలుస్తున్నరు. రాజన్న కొడుకు జలంధర్ అని పిలిచిండ్రు. నేను పలకలే. మల్ల పిలిచిండ్రు. పలకలే. ఆఫీసుల ఎవరన్న గా పేరు తీస్తే సప్పుడు చేయొద్దని ఆరేండ్ల సంది అలవాటైపాయె గద. నోటి దాంక దుబాయ్ పోయిండు సార్ అని వచ్చింది. మూడోసారికి పక్కోడు పొడిస్తె, ఉన్న సార్ అన్న. గింత గట్టిగ అన్న, అందరు తిరిగి చూసిండ్రు."

అక్కడ ఆయన నవ్వాడు.

నేను నవ్వలేదు. నా హాజరు సంగతి గదివాళ్ళకు ఇరవైసార్లు చెప్పుకుని నవ్వుకున్నవాణ్ణి, అది విని ఏడ్చాను. నేను బావ దగ్గర తీసుకున్నది వీసా కాగితమే అనుకుంటూ వచ్చాను. ఆయన తన ఊళ్ళో తాను పలకడం మానుకుని నాకు అన్నం పెట్టాడు. పెట్టిన సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు, చివరికి నవ్వమన్నట్టు చెప్పాడు. ఇలాంటి మనిషి నాకు బావ కావడం నా అదృష్టం. ఇది ఎక్కడైనా చెబుతాను, ఎవరి ముందైనా చెబుతాను.

కొత్త క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. ఇన్నేళ్ళుగా క్యాసెట్లలో ఆయన్ని బావ అనేవాణ్ణే గానీ పేరుతో అనలేదు. దారిలో ఎవడి చెవిన పడుతుందోనని భయం. ఇప్పుడు ఎవడు వింటే నాకేం.

"జలంధర్ బావా," అన్నాను, "నేను నర్సింలును మాట్లాడుతున్న."

ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. ఆ ఒక్క మాట చాలనిపించింది. టేపు తిరుగుతూనే ఉంది, దాన్ని అలాగే పంపాను.